ఉన్ని ఊళ్లలో ఒక శనివారం

శుక్రవారం

మా అమ్మాయి ఉండేది రెడింగ్‌లో. లండన్‌కి పడమరగా రైల్లో అరగంట దూరం. మే మొదట్లో వచ్చాం నేనూ మా ఆయనా. మూడు వారాల్లో లండన్లో చూడాల్సినవన్నీ చూసేశాం. "అమ్మా, నీకింకా ఏం చూడాలనుంది?" అని అమ్మాయి అడిగితే, "పల్లెటూళ్లు" అన్నాను.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. ఇంగ్లండ్ అంటే పిల్లలకు నేను చెప్పింది పారిశ్రామిక విప్లవం, స్పిన్నింగ్ జెన్నీ, ఆవిరి యంత్రం. ఆ యంత్రాలు రాకముందు ఈ దేశం బట్ట ఎలా నేసుకుందో, ఆ నేసేవాళ్లు ఎలాంటి ఇళ్లలో ఉన్నారో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. నేను పుట్టింది పెడనలో, గుంట మగ్గం ఉన్న ఇంట్లో. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నా పని నాన్నకు కండెలు చుట్టిపెట్టడం. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడివాళ్లు ఏం కట్టుకున్నారో, ఏం నేశారో చూడటం అలా అలవాటైపోయింది.

అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని కాట్స్‌వోల్డ్స్‌కి ఒకరోజు టూర్ బుక్ చేసింది. ఆక్స్‌ఫర్డ్‌కి పడమరగా ఉన్న సున్నపురాయి కొండల ప్రాంతం అది. రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 1966లోనే ప్రభుత్వం దాన్ని ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించింది. అక్కడి ఊళ్లన్నీ గొర్రెల ఉన్ని మీద లేచినవే. పెద్ద బస్సుల టూర్లు చాలా ఉన్నాయి కానీ, పదహారు మందే పట్టే చిన్న బండి ఎంచుకుంది అమ్మాయి. ఆ ఊళ్ల రోడ్లు ఇరుకు, పెద్ద బస్సు ఊరి బయటే ఆగిపోతుంది. నా మోకాళ్ల సంగతి దానికి తెలుసు.

పొద్దున తొమ్మిదింటికే ఆక్స్‌ఫర్డ్‌లో బయల్దేరాలి కాబట్టి శుక్రవారం సాయంత్రమే రైలెక్కి అక్కడ రాత్రికి ఉన్నాం. ఆక్స్‌ఫర్డ్ గురించి ఇప్పుడు రాయను, దానికి వేరే ఉత్తరం కావాలి. ఒక్కటి మాత్రం చెప్తాను. అక్కడి యాష్మోలియన్ మ్యూజియం సేకరణలో మన దేశపు అచ్చు గుడ్డ ముక్కలు వందల ఏళ్లనాటివి ఉన్నాయి. గుజరాత్‌లో అద్దకం వేస్తే ఓడల మీద ఈజిప్టు దాకా వెళ్లి, అక్కడి ఇసుకలో చెడిపోకుండా మిగిలినవి. మేం వెళ్లేసరికి మ్యూజియం మూసే వేళయింది. గుమ్మం చూసి తిరిగొచ్చాం.

రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, రేపు పబ్‌లో భోజనం. ఏం కావాలో ఇప్పుడే చెప్పాలట. శనివారం కదా, మీ ఇద్దరికీ శాకాహారమే రాశాను. 'కూరగాయల పై' అట, పిండి మూత వేసి కాల్చేది, పర్లేదా?" అంది. పర్లేదన్నాను.

శనివారం

ఒంటి మీద పెడన కలంకారీ చీర, దానిపైన స్వెట్టర్, కాళ్లకు అమ్మాయి కొనిచ్చిన బూట్లు. మే నెలాఖరైనా పొద్దున పూట చలి. స్టేషన్ దగ్గర బండి ఎక్కాం. మాతోపాటు అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్ద జంట, ఆస్ట్రేలియా అమ్మాయిలు నలుగురు, సింగపూర్ కుటుంబం ఒకటి. గైడూ డ్రైవరూ ఒకరే. అరవై దాటిన పెద్దమనిషి, ఈ కొండల్లోనే పుట్టి పెరిగారట. మెల్లగా, విడమరిచి మాట్లాడతారు.

ఆక్స్‌ఫర్డ్ దాటగానే చేలు. ఆవ జాతి పంటే ఒకటి పసుపు పరిచినట్టు పూసి ఉంది. చేనుకీ చేనుకీ మధ్య రాతి గోడలు, నడుం ఎత్తువి. "వీటిలో సున్నం గానీ మట్టి గానీ లేదు, రాయి మీద రాయి పేర్చిందే. ఈ కొండల్లో మొత్తం నాలుగు వేల మైళ్ల గోడలున్నాయి" అన్నారు గైడ్. అంటే ఆరు వేల నాలుగు వందల కిలోమీటర్లు. ఆ గోడల వెనక పచ్చిక, పచ్చిక మీద తల్లుల వెంట గొర్రెపిల్లలు.

మొదటి మజిలీ బర్‌ఫర్డ్. ముప్పావు గంట ప్రయాణం. ఊరి పెద్ద వీధి కొండవాలు నుంచి సరాసరి విండ్‌రష్ అనే ఏటి దాకా దిగుతుంది. అడుగున పాత రాతి వంతెన. అది ఎంత ఇరుకంటే ఒకసారికి ఒక వైపు బళ్లే పోతాయి. వీధికి రెండు పక్కలా ఇళ్లన్నీ ఒకే రాయి, లేత బెల్లం రంగు. నేను ఒక గోడ దగ్గర ఆగి చేత్తో తడిమాను. దగ్గరగా చూస్తే రాయి నిండా చిన్న చిన్న గుండ్రటి గింజలు, గసగసాలు పోసి గట్టిగా అదిమినట్టు. ఒకప్పుడు ఈ నేల వెచ్చటి సముద్రపు అడుగు. అలలకు దొర్లే రేణువుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఇలా రాయి అయిందని గైడ్ చెప్పారు. గోరుతో గీకితే పిండి రాలింది. ఇంటి కప్పులు కూడా ఈ రాతి పలకలే. చూరు దగ్గర పెద్ద పలకలు మొదలెట్టి, పైకి పోయేకొద్దీ చిన్నవి చేస్తూ పేర్చారు.

ఏటి పక్కన సెయింట్ జాన్ చర్చి. ముందు దాని ఆవరణలోని సమాధులు చూడాలి. కొన్నిటి మీద రాతి దిండు పెట్టినట్టు గుండ్రటి పైకప్పు, దాని మీద అడ్డంగా గాడులు. అవి ఉన్ని బేళ్ల ఆకారాలని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఉన్ని అమ్మి బతికినవాళ్లు ఉన్ని బేలు కిందే పడుకున్నారన్నమాట.

లోపల నన్ను కదలనివ్వనిది వేరే ఉంది. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి. దాని లోపలి అంచుకు సీసపు రేకు తాపడం చేశారు. ఆ రేకు మీద ఎవరో కత్తిమొనతో గీసిన అక్షరాలు: ఆంథొనీ సెడ్లీ, 1649, ఖైదీ. ఖైదీ అనే ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పింది. తొందరలో తప్పిందో, అతనికి వచ్చిన చదువే అంతో.

కథ ఇది. అప్పటికి పార్లమెంటు పక్షం వాళ్లు రాజు మొదటి చార్లెస్ తల నరికించి నాలుగు నెలలు కాలేదు. ఆ పక్షపు సేనాని క్రామ్‌వెల్ సైన్యంలోనే కొందరు సిపాయిలు ఎదురు తిరిగారు. వాళ్లను లెవెలర్లు అనేవాళ్లు, అంటే అందరినీ సమానం చేయాలనేవాళ్లు. మాకు రావాల్సిన జీతాలు ఇవ్వండి, ఐర్లండ్ మీద యుద్ధానికి మేం పోం, సామాన్యుడికి ఓటు ఉండాలి, ఇవీ వాళ్లు అడిగినవి. క్రామ్‌వెల్ రాత్రికి రాత్రి వచ్చి బర్‌ఫర్డ్‌లో వాళ్ల మీద పడి, మూడు వందల నలభై మందిని ఈ చర్చిలో పెట్టి తాళం వేశాడు. మే 17న ముగ్గుర్ని బయటికి తీసుకెళ్లి చర్చి గోడకు నిలబెట్టి కాల్చేశారు. మిగతావాళ్లను కప్పెక్కించి అది చూడమన్నారు. సెడ్లీ ఆ ముగ్గురిలో లేడు. ఆ రోజుల్లోనే ఎప్పుడో, చావో బతుకో తెలియకుండా, ఈ సీసం మీద తన పేరు గీసుకున్నాడు.

ఎంత పట్టుకుని గీశాడో ఆ అక్షరాలు ఇప్పటికీ లోతుగా ఉన్నాయి. ఓటు హక్కు పాఠం ముప్పైసార్లు చెప్పాను కానీ, ఆ హక్కు అడిగినవాడి చేతిరాత చూడటం అదే మొదటిసారి. మా ఆయన వచ్చి భుజం తట్టి, "ఏమోయ్, బండి టైమైంది, పద" అంటే గానీ కదల్లేదు. ఇప్పటికీ ప్రతి మే నెలలో బర్‌ఫర్డ్‌లో లెవెలర్ల దినం జరుపుకుంటారట.

తర్వాత బైబరీ. ఇంగ్లండ్ కేలండర్లలో ఎక్కువగా కనిపించే బొమ్మ ఇక్కడిదే: ఆర్లింగ్టన్ రో. ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఇళ్లు, నిటారు కప్పులు, ముందు నుంచి పారే సన్నటి కాలువ. 1380 ప్రాంతంలో మఠం వాళ్లు ఉన్ని దాచడానికి కట్టిన గిడ్డంగి అది. పదిహేడో శతాబ్దంలో దాన్ని గదులు గదులుగా విడగొట్టి నేతగాళ్లకు ఇచ్చారు. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. లోపల అద్దెకు మనుషులు కాపురం ఉంటున్నారు. కిటికీల్లోకి తొంగి చూడకండి అని గైడ్ ముందే చెప్పారు. ఆ మాట అందరూ వినాలి. మేం ఉన్న ముప్పావు గంటలోనే ఎంతమంది ఒకరి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఫోటోలు దిగారో లెక్కలేదు.

నాకు మాత్రం ఆ ఇళ్లు చూడగానే మా వీధి గుర్తొచ్చింది. మా ఆయన ఒక గుమ్మం పక్కగా నిలబడితే పైదూలం ఆయన తలకు తగిలేలా ఉంది. కిటికీలు చిన్నవి. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే దేశంలో ఆ కిటికీ వెలుతురులో పడుగు పోగు తెగితే ఎలా అతుక్కున్నారో! మా నాన్నకు యాభై దాటేసరికి దగ్గరి చూపు పోయింది. తెగిన పోగు వేళ్లతోనే వెతుక్కునేవారు.

ఇళ్ల ముందు ఏటికీ కాలువకీ మధ్య ఒక గడ్డి లంక ఉంది, రాక్ ఐల్ అంటారు. నేసిన ఉన్ని బట్టను పక్కనున్న మరలో నీటితో నడిచే సుత్తులతో దంచేవాళ్లు. దంచితే నేత చిక్కబడి, పోగులు కనపడకుండా కలిసిపోతాయి. దాన్ని తెచ్చి ఈ లంక మీద చెక్క చట్రాలకు కొక్కేలతో బిగలాగి ఆరబెట్టేవాళ్లు. రాక్ అంటే చట్రం, అందుకే ఆ పేరు. ఇప్పుడక్కడ బాతులు, నీటి మొక్కలు. మనుషుల్ని పోనివ్వరు. కాలువ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ల మీద చేపల నీడలు కనిపిస్తున్నాయి.

పెడనలో కలంకారీ గుడ్డను కాలువలో జాడించి గట్టు మీద పరుస్తారు. నిలవ నీళ్లు పనికిరావు, పారే నీళ్లే కావాలి, అప్పుడే మిగులు రంగు కొట్టుకుపోతుంది. గట్టు పొడుగునా ఎర్రటి, నల్లటి పూల గుడ్డలు పరిచి ఉంటే పిల్లలం వాటి మధ్య నుంచి ఒంటికాలి మీద గెంతుతూ పోయేవాళ్లం. ఈ గడ్డి లంక మీద కూడా ఎవరి పిల్లలో అలా గెంతి ఉంటారు, పెద్దవాళ్లతో తిట్లు తిని ఉంటారు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

పన్నెండున్నరకు భోజనానికి పబ్ దగ్గర ఆపారు. ఊరి పేరు చెప్పను, ఎందుకో కిందన తెలుస్తుంది. మనకు పబ్ అంటే హైదరాబాద్‌లో చెవులు పగిలే పాటలు, రంగు లైట్లు. ఇది వేరు. ఈ దేశంలో పబ్ అంటే ఊరి రచ్చబండ లాంటిది. పబ్లిక్ హౌస్ అన్నది దాని పూర్తి పేరు, నలుగురి ఇల్లు అని అర్థం. గుమ్మం మీద బొమ్మ వేసిన బోర్డు వేలాడుతుంది. 1393లో రెండో రిచర్డ్ రాజు బీరు అమ్మే ప్రతి ఇల్లూ గుర్తు పెట్టాలని చట్టం చేశాడట. చదువు రానివాళ్లకు బొమ్మే బోర్డు. ఈ ప్రాంతంలో గొర్రెపిల్ల, ఉన్ని బొచ్చు పేర్లతో పబ్‌లు ఉండటానికి కారణం వేరే చెప్పక్కర్లేదు.

లోపలికి వెళ్లేటప్పుడు తల వంచాలి. నల్లబడిన దూలాలు, మనిషి నిలబడేంత రాతి పొయ్యి, దాని మీద గుర్రాల కళ్లేలకు కట్టే ఇత్తడి బిళ్లలు. కిటికీ దగ్గర బల్ల కింద ఎవరిదో ముసలి కుక్క నిద్రపోతోంది. పక్క బల్ల దగ్గర ఊరి రైతులు ఇద్దరు మట్టి బూట్లతోనే కూర్చున్నారు. బార్ దగ్గర పొడుగాటి చెక్క పిడులున్నాయి. ఆ పిడి లాగితే నేలమాళిగలోని పీపా నుంచి బీరు పైకొస్తుంది. ఐస్ లాంటి చల్లదనం ఉండదు. స్టో పట్టణం దగ్గర్లో డోనింగ్టన్ అనే బ్రూవరీ 1865 నుంచి ఇక్కడి పబ్‌లకు బీరు పోస్తోందట. అమెరికా ఆయన తాగి బాగుందన్నారు. మేం ఆపిల్ రసం తీసుకున్నాం.

కూరగాయల పై వచ్చింది. పైన గోధుమరంగు పిండి మూత, లోపల క్యారెట్, బంగాళాదుంప, పక్కన చిక్కటి గోధుమరంగు పులుసు. పులుసు వాసన చూడగానే నాకు అనుమానం వచ్చింది. వడ్డించే అమ్మాయిని అడిగాను. లోపలికెళ్లి కనుక్కుని వచ్చి, మొహం ఎర్రబడి, "అది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసింది, నన్ను క్షమించండి" అంది. ఇంకా నోట్లో పెట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే మా ఆయన ఆ రోజంతా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. మనవాళ్లు వెళితే ఒకటి గుర్తుపెట్టుకోండి: శాకాహారం అని ముందే రాయించినా, గ్రేవీ దేనితో చేశారో బల్ల దగ్గర మళ్లీ అడగండి. అడిగితే దాచరు. ఆ అమ్మాయి దాచలేదు, అది నాకు నచ్చింది.

పది నిమిషాల్లో వేరే పళ్లెం తెచ్చింది. దున్నేవాడి భోజనం అని దానికి పేరు. మందపాటి రొట్టె ముక్కలు, వెన్న, నారింజ రంగు డబుల్ గ్లాస్టర్ చీజ్, సిర్కాలో ఊరిన చిన్న ఉల్లిపాయలు, ఆపిల్ ముక్క, తియ్యటి నల్లటి పచ్చడి. చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్నట్టే ఉంది. పచ్చడిని ఇక్కడా చట్నీ అనే అంటారు. చివర్లో ఖర్జూరం వేసి ఆవిరి పట్టిన మెత్తటి కేకు, మీద వేడి పాకం. మా ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నారు.

భోజనాల దగ్గరే అమెరికా ఆవిడ నా పమిట చూసి, "పట్టుకోవచ్చా?" అని అడిగారు. కరక్కాయ నీళ్లలో గుడ్డ నానబెట్టడం, పటికతో అచ్చు వేయడం, చిరివేరుతో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు పట్టడం, అంతా చెప్పాను. గైడ్ శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆయన అన్న మాట ఇది: "1722 క్రిస్మస్ తర్వాత మీరు ఈ చీర కట్టుకుని ఈ వీధిలో నడిచి ఉంటే మీకు ఐదు పౌన్లు జరిమానా పడేది."

ఆ చట్టం సంగతి నాకు తెలుసు. పాఠంలో ఒక్క వాక్యం ఉంటుంది. కానీ ఉన్ని ఊళ్ల నడిమధ్యన, కలంకారీ చీరతో కూర్చుని వింటే అది వేరేగా వినిపించింది. 1611లో ఇంగ్లీషువాళ్ల ఓడ మచిలీపట్నం వచ్చింది. మా ఊరికి పది కిలోమీటర్లు. అక్కడ కొట్టు పెట్టి మన అద్దకపు గుడ్డలు కొన్నారు. చింట్జ్ అనే వాళ్ల మాట, మన చీటి గుడ్డ అనే మాట చుట్టాలే. తేలిక, ఉతికితే రంగు పోదు, చవక. ఇంగ్లండ్ ఆడవాళ్లు ఉన్ని వదిలేసి వాటి మీద పడ్డారు. ఉన్ని నేసేవాళ్లు, పట్టు నేసేవాళ్లు గోల పెట్టారు. 1700లో అద్దకం గుడ్డల దిగుమతి ఆపారు. అయినా ఆగలేదు. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో పడి, చీటి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల ఒంటి మీదే బట్టలు చింపారు. 1721లో అసలు కట్టుకోవడమే నేరం చేశారు.

"అంతకు ముందే ఇంకో చట్టం ఉంది. చచ్చినవాణ్ని కూడా ఉన్ని బట్టలోనే పాతిపెట్టాలి. అలా పాతిపెట్టామని ఎనిమిది రోజుల్లో ప్రమాణపత్రం ఇవ్వాలి, లేకపోతే ఐదు పౌన్లు" అన్నారు గైడ్.

"మరి ఇంత కాపాడుకున్న ఉన్ని ఇక్కడి నుంచి ఎలా పోయింది?" అని అడిగారు మా ఆయన.

"బొగ్గు. మా దగ్గర నీళ్లున్నాయి, బొగ్గు లేదు. ఆవిరి యంత్రాలు వచ్చాక ఉన్ని పని యార్క్‌షైర్‌కి పోయింది. ఈ ఊళ్లకు కొత్త ఇల్లు కట్టే డబ్బు లేక పాత ఇళ్లే మిగిలాయి. మీరందరూ ఫోటోలు తీస్తున్నది ఆ పేదరికాన్నే."

నేను ఏమీ అనలేకపోయాను. ఉన్ని యార్క్‌షైర్‌కి పోయినట్టే, నూలు లాంకషైర్ మిల్లుల్లోకి పోయింది. ఆ మిల్లు గుడ్డ ఓడలెక్కి వచ్చి మా తాతల మగ్గాలను ఆపింది. ఆర్లింగ్టన్ రోలో నేసినవాడి మీద నాకు పొద్దున కలిగిన జాలికి కారణం అప్పుడు తెలిసింది. వాడి మగ్గాన్నీ మా మగ్గాన్నీ ఆపింది ఒకటే.

భోజనం తర్వాత లోయర్ స్లాటర్ నుంచి అప్పర్ స్లాటర్‌కి నడక. మైలు దూరం, ఏటి పక్క కాలిబాట. స్లాటర్ అంటే ఇంగ్లీషులో వధ. కానీ ఈ ఊరి పేరు పాత ఇంగ్లీషులో బురదనేల అనే మాట నుంచి వచ్చిందట. దారిలో ముళ్ల తీగ కంచెకు గొర్రె ఉన్ని చిక్కుకుని ఉంది. ఒక గుప్పెడు తీసి పర్సులో వేసుకున్నాను.

అప్పర్ స్లాటర్‌కు ఒక అదృష్టం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి ఇరవై ఐదు మంది వెళ్లారు, రెండో దానికి ముప్పై ఆరు మంది. అందరూ తిరిగొచ్చారు. ఇంగ్లండ్‌లో దాదాపు ఏ ఊరికి వెళ్లినా నడిమధ్యన చనిపోయిన సిపాయిల పేర్ల స్తంభం ఉంటుంది. ఈ ఊరికి మాత్రం అలాంటిది లేదు. ఊరి హాల్లో తిరిగొచ్చినవాళ్ల పేర్ల పలక ఉంది. 1944 ఫిబ్రవరిలో ఊరి మీదే బాంబులు పడ్డాయి, అయినా ఎవరూ పోలేదు. మన పశ్చిమ గోదావరిలో మాధవరం అని ఊరుంది, ఇంటింటి నుంచీ సైన్యంలోకి పోయే ఊరు. అక్కడి స్తంభం నేను చూశాను. ఆ ఊరి తల్లులు ఈ పలక చూస్తే ఏమనుకునేవారో.

బోర్టన్-ఆన్-ది-వాటర్ గురించి ఎక్కువ రాయను. ఊరి మధ్యలో పిక్కల లోతు ఏరు, దాని మీద పొట్టి రాతి వంతెనలు, అందులో ఒకటి 1654 నాటిది. చాలా అందంగా ఉంటుంది. కానీ శనివారం మధ్యాహ్నం మన తిరునాళ్లంత జనం. పిల్లలు ఉంటే తొమ్మిదో వంతు సైజులో ఊరంతా రాతితో కట్టిన బొమ్మల ఊరు చూపించండి, 1937లో తెరిచారు. మాకు ఐస్‌క్రీమ్, బెంచీ చాలు.

చివరిది స్టో-ఆన్-ది-వోల్డ్. కొండ మీది పట్టణం. సంత బయలు చాలా పెద్దది. అందులోకి వచ్చే సందులు కొన్ని మనిషి భుజాలు రాసుకునేంత ఇరుకు. గొర్రెలు ఒక్కొక్కటిగా వస్తేనే లెక్క తేలుతుంది కాబట్టి అలా కట్టారట. ఒక్క సంతలో ఇరవై వేల గొర్రెలు అమ్ముడయ్యేవని పద్దెనిమిదో శతాబ్దంలో డేనియల్ డిఫో రాశాడు. ఆ సందులో నడుస్తూ రెండు గోడలకూ చేతులు ఆనించాను. కింది భాగంలో రాయి నున్నగా ఉంది. గొర్రెల ఒంటి జిడ్డుకో, మనుషుల చేతులకో తెలియదు.

చర్చి ఉత్తర ద్వారానికి రెండు పక్కలా రెండు ముసలి యూ చెట్లు గోడలో కలిసిపోయి ఉన్నాయి. తలుపు వాటి మధ్యలోంచి పుట్టినట్టుంటుంది. అందరూ వరసలో నిలబడి ఫోటో తీసుకుంటున్నారు, మేమూ నిలబడ్డాం.

ఆరింటికి ఆక్స్‌ఫర్డ్, ఏడున్నరకు రెడింగ్. ఇంకా బాగా వెలుతురుంది.

ఆదివారం

పొద్దున టిఫిన్ దగ్గర కబుర్లన్నీ చెప్పాను. అల్లుడు విని, "అత్తయ్య గారూ, నార్త్‌లీచ్ చూపించలేదా వాళ్లు? ఉన్ని వ్యాపారులు కట్టించిన చర్చి ఉంది. నేను తీసుకెళ్తా పదండి" అన్నాడు. గంటన్నర కారు ప్రయాణం. మంచిపని చేశాడు.

చిన్న ఊరికి అంత పెద్ద చర్చి. నేల మీద పరిచిన ఇత్తడి రేకుల్లో ఆ వ్యాపారుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. జాన్ ఫోర్టీ అనే ఆయన 1458లో పోయాడు, చర్చి నడిమి భాగం ఆయన డబ్బుతోనే లేచింది. ఇత్తడి బొమ్మలో ఆయన ఒక కాలు గొర్రె మీద, ఇంకో కాలు ఉన్ని బస్తా మీద పెట్టి నిలబడ్డాడు. ఆయన బస్తాల మీద వేసే వ్యాపార గుర్తు కూడా చెక్కారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ గొర్రెను చూశాను. మెలికలు మెలికలుగా ఉన్ని, ప్రతి మెలికా విడిగా గీశారు. చెక్కినవాడికి గొర్రె బాగా తెలుసు.

చర్చంతా తిరిగాను. నేతగాడిది, దువ్వినవాడిది, వడికినామెది, గొర్రెల కాపరిది, ఒక్క పేరూ నాకు కనిపించలేదు. వడికింది ఎక్కువగా ఆడవాళ్లే. ఈ రెండు రోజుల్లో నేను చూసిన పేర్లలో పేదవాడిది ఒక్కటే, సెడ్లీది. అది కూడా ఎవరో చెక్కించింది కాదు, తనే గీసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక పర్సులో ఉన్ని తీసి గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో ఉతికాను. జిడ్డు పోయి తెల్లబడింది. ఆరాక వేళ్లతో చిక్కు తీసి, తొడ మీద అరచేత్తో పురి పెట్టాను. పత్తి కంటే పీచు బాగా పొడుగు. దూది అయితే కదురు మీద జాగ్రత్తగా లాగాలి, ఇది చేత్తో లాగినా తెగలేదు. మూరెడు దారం వచ్చింది. అమ్మాయి పక్కన కూర్చుని, "అమ్మా, నీకింకా వచ్చా ఇది?" అని తనూ ఒకసారి పురి పెట్టి చూసింది.

పెడనలో తమ్ముడికి ఫోన్ చేశాను. అద్దకం షెడ్డు వాడిదే. అక్కడప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. జరిగిందంతా విని వాడు మొదట అడిగింది, "ఉన్ని మీద పటిక పడుతుందా అక్కా?" అని.

"పడుతుందట."

"అయితే అది పారెయ్యకు. తీసుకురా. చిరివేరులో ఒక ఉడుకు వేసి చూద్దాం."

దారాన్ని కాగితంలో చుట్టి, పాస్‌పోర్టులు పెట్టుకున్న సంచీలో పెట్టాను.